రంగులు దిద్దే ముందు పోటు వేళ సరిచూడండి

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఎంటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోటు నుంచి కాకినాడ అఖాతం వరకు నీటి కదలికను రోమ్స్ అనే సముద్ర ప్రవాహాల కంప్యూటర్ మోడల్‌తో అనుకరించాను. ఆగస్టు, సెప్టెంబర్ నెలల ఫలితాలు గంటకొకటి చొప్పున దాచితే నలభై జీబీకి పైగా నెట్‌సీడీఎఫ్ (అంకెల పట్టికలు దాచే) ఫైళ్లు వచ్చాయి. పైథాన్ కొద్దిగా తెలుసు. ప్రవాహాల బాణాలు గీస్తే కొన్ని చోట్ల అవి నేల మీదికి ఎక్కుతున్నాయి. వరదల కాలమే అయినా లవణీయత (నీటి ఉప్పదనం) పటంలో నది నీటి జాడ దాదాపుగా లేదు. మా గైడ్ గారు బొమ్మలన్నీ చూసి, "బాగున్నాయి, కానీ ఇవి ఏమి చెబుతున్నాయి?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. మాట్‌ల్యాబ్‌కు మారాలా? త్రిమితీయ దృశ్యాలు గీసే పారావ్యూ నేర్చుకోవాలా? మా ల్యాబ్‌లోనే మరొకరు ఆడ్‌సర్క్ మోడల్‌తో ఉప్పెనల మీద పని చేస్తున్నారు. ఆయన పటాల్లోనూ ఏదో తేడా ఉంది. థీసిస్ ఇవ్వడానికి ఆరు వారాలే ఉంది. దయచేసి దారి చెప్పండి. పేరు ప్రచురించవద్దు.

సమాధానం: ముందుగా ఒక మాట. మీరు ఏ సాఫ్ట్‌వేర్‌కూ మారనక్కరలేదు. మీకు వచ్చిన ఆ కొద్దిపాటి పైథాన్, దానికి తోడు పట్టికలు చదివే ఎక్స్‌ఆరే, బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే రెండు లైబ్రరీలు ఈ ఆరు వారాలకు సరిపోతాయి. ఫైల్లో ఏముందో పైపైన చూసుకోవడానికి ఎన్‌సీవ్యూ గాని, నాసా వారి పానోప్లీ గాని వాడండి. రెండూ ఉచితమే. మాట్‌ల్యాబ్‌కు మారినా ఆ బాణాలు నేల మీదికే ఎక్కుతాయి. ఎందుకంటే తప్పు గీసే చోట లేదు. ఫైల్లోని ప్రతి అంకె ఏ చోటుది, ఏ లోతుది, ఏ వేళది అన్న మూడు సంగతులు తేల్చుకోకుండా గీయడం దగ్గర ఉంది. మీ ఉత్తరంలో చెప్పిన లక్షణాలు ఈ మూడింటినీ స్పష్టంగా పట్టిస్తున్నాయి.

బాణాల సంగతి చూద్దాం. రోమ్స్ తన లెక్కలు అరకావా సి-గ్రిడ్ మీద, అంటే సముద్రాన్ని చిన్న గడులుగా విడగొట్టే ఒక వల మీద చేస్తుంది. గడి మధ్యలో నీటిమట్టం, లవణీయత, ఉష్ణోగ్రత ఉంటాయి. గ్రిడ్ మొదటి అక్షం వెంట సాగే ‘యు’ వేగం గడికి ఎడమ, కుడి గోడల మీద ఉంటుంది. రెండో అక్షం వెంట సాగే ‘వి’ వేగం మిగిలిన రెండు గోడల మీద ఉంటుంది. అందువల్ల ‘యు’ పట్టికలో ఒక నిలువు వరుస, ‘వి’ పట్టికలో ఒక అడ్డు వరుస తక్కువ వస్తాయి. రెండింటినీ కలిపి బాణాలు గీయబోతే సైజులు కుదరడం లేదని పైథాన్ ఆగిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని, కుదిరేలా చివరి వరుసను కత్తిరించేయడం. మీరూ అదే చేసి ఉంటారని నా అనుమానం. అలా చేస్తే ప్రతి బాణమూ అరగడి పక్కకు జరుగుతుంది. అఖాతం మధ్యలో అది కంటికి ఆనదు గాని, నాలుగైదు గడుల వెడల్పు మాత్రమే ఉన్న పాయలో అరగడి అంటే గట్టు ఎక్కినట్టే. కత్తిరించకండి. ఎదురెదురు గోడల మీది రెండు విలువల సగటు తీసుకుని గడి మధ్యకు తెచ్చుకోండి. తర్వాత నేల గడులను మాస్క్‌తో (ఏ గడి నేలో, ఏది నీరో చెప్పే పట్టికతో) తీసేయండి.

అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. గోదావరి డెల్టా దాటాక మన తీరం ఉత్తర దక్షిణాలుగా ఉండదు, ఈశాన్యానికి వాలి ఉంటుంది. మోడల్ వేసేవారు సాధారణంగా గ్రిడ్‌ను తీరం వెంట తిప్పి పరుస్తారు. మీరూ తిప్పి ఉంటే మీ ‘యు’ తూర్పు వేగం కాదు, తీరం వెంబడి వేగం. దాన్ని తూర్పు వేగంగా భావించి గీశారనుకోండి. తీరం వెంట నైరుతికి పోయే నీరు మీ పటంలో నేరుగా పడమటికి పోతుంది. పడమట ఉన్నది నేల! మీ బాణాలు గట్టు ఎక్కడానికి అసలు కారణం ఇదే కావచ్చు. గ్రిడ్ ఫైల్లో ‘యాంగిల్’ అనే చలరాశి ఉంటుంది. అది తూర్పు దిక్కుకు, మీ గ్రిడ్ మొదటి అక్షానికి మధ్య కోణం, రేడియన్లలో. తూర్పు వేగం కావాలంటే ‘యు’ను ఆ కోణపు కొసైన్‌తో గుణించి, అందులోంచి ‘వి’ను సైన్‌తో గుణించినది తీసేయాలి. ఉత్తర వేగానికి ‘యు’ను సైన్‌తో, ‘వి’ను కొసైన్‌తో గుణించి కూడాలి. సగటు ముందు, తిప్పడం తర్వాత. ఈ క్రమం మార్చకండి, ఎందుకంటే ఒకే బిందువు దగ్గర లేని రెండు వేగాలను కలిపి తిప్పడం అర్థం లేని పని.

ఇక కనిపించని నది నీరు. మీ కోడ్‌లో లవణీయతకు పొర సంఖ్య సున్నా అని ఇచ్చారేమో ఇప్పుడే చూడండి. చాలా మోడళ్లలో మొదటి పొర అంటే ఉపరితలం. రోమ్స్‌లో మొదటి పొర అడుగు, చివరిది ఉపరితలం. పైథాన్‌లో సున్నా అన్నారంటే మీరు గీసింది సముద్రపు అడుగు. నది నీరు తేలిక కాబట్టి పైన పరుచుకుంటుంది, బరువైన ఉప్పు నీరు దాని కిందకు చొచ్చుకొస్తుంది. అడుగున వెతికితే గోదావరి ఎలా దొరుకుతుంది? సున్నా స్థానంలో మైనస్ ఒకటి పెట్టి మళ్లీ గీయండి. వరద నీరు తెరలా విప్పుకోవడం కనిపించాలి.

పొరల గురించి మరో హెచ్చరిక. రోమ్స్ పొరలు నేల వాటాన్ని అనుసరించి సాగుతాయి, కుంచించుకుంటాయి. ఇరవై పొరలను సమానంగా పంచితే రెండు మీటర్ల లోతున్న అఖాతంలో ఒక్కో పొర పది సెంటీమీటర్లు. నాలుగు వందల మీటర్ల లోతున్న చోట ఇరవై మీటర్లు. పైకి దగ్గరగా పొరలను పలచగా చేసే ఏర్పాటు మోడల్‌లో ఉంటుంది, అయినా తేడా పూర్తిగా పోదు. కాబట్టి "పదిహేనో పొర లవణీయత" అనే పటానికి భౌతికంగా అర్థం లేదు. ఒకచోట అరమీటరు లోతు, మరోచోట వంద మీటర్ల లోతు ఒకే బొమ్మలో ఉంటాయి. ఉపరితలం, అడుగు, లేదా ఒక నిర్ణీత లోతు, ఈ మూడే గీయదగ్గవి. నిర్ణీత లోతు కావాలన్నా, నది మొగ నుంచి సముద్రంలోకి నిలువు కోత గీయాలన్నా ప్రతి పొర అసలు లోతు లెక్కించాలి. దానికి కావలసిన అంకెలన్నీ ఫైల్లోనే ఉంటాయి. ఎక్స్‌రోమ్స్ అనే లైబ్రరీ ఆ లెక్కను చేసిపెడుతుంది. కానీ ఒక్కసారైనా ఒకే ఒక గడికి కాగితం మీద మీరే లెక్కించి పోల్చుకోండి. ఆ లెక్కలో నీటిమట్టం కూడా ఉంటుంది కాబట్టి పొరల లోతు గంట గంటకూ మారుతుంది. లోతులేని అఖాతంలో ఆ మార్పును వదిలేయకూడదు.

ఇప్పుడు వేళ దగ్గరికి వద్దాం. ఈ ఉత్తరంలో మీరు ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకునేట్లయితే అది ఇదే కావాలి.

రోమ్స్ కాలాన్ని ఒక మూల తేదీ నుంచి సెకన్లలో లెక్కిస్తుంది. మీరిచ్చిన గాలులు, ఆటుపోట్ల డేటా ప్రపంచ కాలమానంలో (యూటీసీ) ఉంటే ఫలితాలూ అందులోనే ఉంటాయి. ఎక్స్‌ఆరే ఆ సెకన్లను చక్కని తేదీలుగా మార్చి చూపుతుంది, ఏ దేశపు గడియారమో మాత్రం చెప్పదు. ఇటు సర్వే ఆఫ్ ఇండియా వారి ఆటుపోట్ల పట్టికలో విశాఖ రేవుకు ఇచ్చిన వేళలు భారత కాలమానంలో ఉంటాయి. తేడా అయిదున్నర గంటలు. మన తీరంలో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ప్రధానమైన చంద్ర పోటు ఆవర్తనం 12 గంటల 25 నిమిషాలు. అందులో సగం ఆరుగంటల పైచిలుకు. అంటే అయిదున్నర గంటల పొరపాటు పోటును దాదాపు పాటుగా మార్చేస్తుంది. నీరు లోపలికి వచ్చే వేళ మీ పటం బయటికి పోతున్నట్టు చూపుతుంది. మరో దేశంలో ఒకటి రెండు గంటల తేడా వచ్చి అనుమానం కలుగుతుందేమో గాని, మనకు మాత్రం అది తలకిందులుగా వచ్చి, మోడల్‌లోనే పెద్ద దోషం ఉందనిపిస్తుంది. మన గడియారాలను నిర్ణయించే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగానే పోతుంది. మీ గ్రిడ్ కాస్త సముద్రంలోకి విస్తరించి ఉంటే ఆ రేఖ దాని మీదుగానే వెళుతుంది. అలాంటి చోట కాలమానం తప్పడం నాకు మరీ బాధ కలిగిస్తుంది.

ఇది నేను పడి తెలుసుకున్న విషయం. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న నదీ ముఖద్వారం మోడల్‌లో నీటిమట్టం కొలతలకు పూర్తిగా ఎదురు వచ్చింది. అడుగు రాపిడి ఎక్కువైందనుకున్నాను. దాన్ని తగ్గించి, పెంచి, లోతుల పటం మార్చి రెండు వారాలు మోడల్‌ను మళ్లీ మళ్లీ నడిపాను. ప్రతిసారీ కొద్దిగా మెరుగైనట్టు కనిపించేది, అదే నన్ను ఇంకా ముందుకు లాగింది. చివరికి కొలతల పుస్తకంలో వేళలు స్థానిక కాలంలో రాసి ఉన్నాయని గమనించాను. సరిచేశాక మొదట వాడిన రాపిడి విలువే బాగా సరిపోయింది. ఆ రెండు వారాల్లో నేను ఒక మంచి మోడల్‌ను పాడుచేస్తూ వచ్చాను. మీకున్నది ఆరు వారాలు కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

అందుకే పటాల జోలికి వెళ్లకముందు ఒక్క గీత గీయండి. కొలతలు గాని, పట్టిక అంచనాలు గాని ఉన్న రేవుకు దగ్గరి గడి ఎంచుకుని, పది పదిహేను రోజుల నీటిమట్టాన్ని కాలంతో గీయండి. దాని మీదే పట్టిక విలువలు వేయండి. విశాఖ మీ గ్రిడ్‌లో లేకపోతే కాకినాడ రేవు కొలతల కోసం మీ గైడ్ గారి ద్వారా అడగండి. పట్టికలోని ఎత్తులు రేవు పటాల ఆధార మట్టం నుంచి, మోడల్ ఎత్తులు సగటు సముద్రమట్టం పరిసరాల నుంచి కొలిచినవి కనుక రెండింటి నుంచీ వాటి వాటి సగటు తీసేయండి. శిఖరాలు ఒకే వేళకు వస్తున్నాయా? అమావాస్య, పౌర్ణముల దగ్గర పోట్లు పెరిగి, అష్టముల దగ్గర తగ్గుతున్నాయా? ఈ రెండూ కుదిరేదాకా మరే బొమ్మా గీయవద్దు.

వేళకే సంబంధించిన ఇంకో ఉచ్చు ఉంది. ఫైళ్లు పెద్దవని కొందరు రోజుకు ఒక్క చిత్రం, అదీ అర్ధరాత్రిది మాత్రమే తీసుకుని చలనచిత్రం చేస్తారు. 12 గంటల 25 నిమిషాల అలను 24 గంటలకోసారి చూస్తే అది సుమారు 14.8 రోజుల నెమ్మది ఊగిసలాటలా కనబడుతుంది. పెద్ద పోట్ల మధ్య వ్యవధి కూడా అంతే. దాంతో చూసేవారికి అది నిజమైన పక్షపు మార్పే అనిపిస్తుంది, దాని మీద ఒక అధ్యాయం రాసేస్తారు కూడా. మీరు గంటకొకటి దాచారు, చాలా మంచి పని చేశారు. పోటు పాటులు చూపాలంటే గంట గంటకూ చూపండి. పోటును తీసేసి మిగిలిన నెమ్మది ప్రవాహం చూపాలంటే గంటల విలువలకు 24 గంటల కదిలే సగటు, మళ్లీ 24 గంటలది, ఆపైన 25 గంటలది వరుసగా తీయండి. గోడిన్ వడపోత అంటే ఇదే. ఎక్స్‌ఆరేలో మూడు వాక్యాల పని.

నలభై జీబీ గురించి భయపడకండి. ఎక్స్‌ఆరే ఫైలును తెరిచినంత మాత్రాన మెమరీలోకి లాగదు. అడిగిన ముక్కనే చదువుతుంది. ఫైళ్లన్నింటినీ కలిపి తెరిచి, కాలం వెంట ముక్కలు చేయమని చెప్పి, ఉపరితల లవణీయతను, తిప్పిన వేగాలను మాత్రం వేరే చిన్న ఫైలుగా రాసిపెట్టుకోండి. ఆపైన బొమ్మలన్నీ ఆ చిన్న ఫైలు నుంచే.

రంగుల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ‘జెట్’ అనే ఇంద్రధనుస్సు శ్రేణిని వాడకండి. దానిలో పసుపు దగ్గర, లేత నీలం దగ్గర వెలుగు ఒక్కసారిగా మారుతుంది. లవణీయత నున్నగా మారే చోట కూడా కన్ను అక్కడ ఒక గట్టు ఉన్నట్టు భావిస్తుంది. మీది నది నీరు సముద్రపు నీటిని తాకే చోటు. అక్కడ నిజమైన సరిహద్దులు ఉంటాయి, వాటిని వెతకడమే మీ పని. రంగులే లేని సరిహద్దులు గీస్తే నిజమైనవి ఏవో ఎలా తెలుస్తుంది? మ్యాట్‌ప్లాట్‌లిబ్ కూడా 2017లో రెండో సంచిక వచ్చినప్పుడు జెట్‌ను పక్కనపెట్టి విరిడిస్‌ను మామూలు శ్రేణిగా చేసింది. సముద్ర శాస్త్రం కోసమే తయారైన రంగుల శ్రేణుల సంపుటి సీఎంఓషన్‌లో లవణీయతకు ‘హేలైన్’, లోతుకు ‘డీప్’, సున్నాకు అటూ ఇటూ ఉండే విలువలకు ‘బ్యాలెన్స్’ ఉన్నాయి. చివరిది వాడినప్పుడు రెండు హద్దులు సమానంగా ఉండి సున్నా సరిగ్గా మధ్యలో పడాలి. చలనచిత్రంలో రంగుల హద్దులు, బాణాల కొలమానం మొదటి నుంచి చివరి వరకు మార్చకండి. ప్రతి చిత్రానికీ హద్దులను ప్రోగ్రామ్‌కే వదిలేస్తే వరద తగ్గిన రోజు కూడా వరద రోజులాగే ఎర్రగా మెరుస్తుంది. బాణాలు అయిదారు గడులకు ఒకటి చాలు. మొగ దగ్గర మాత్రం వేరే పెద్ద బొమ్మలో ప్రతి గడికీ వేయండి.

మీ సహాధ్యాయికి రెండు మాటలు. ఆడ్‌సర్క్ త్రిభుజాల వల మీద నడుస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన హెచ్చరికలకు వాడేది ఈ మోడలే కనుక ఆయన పని మన తీరానికి నేరుగా ఉపయోగపడేది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు బిందువుల స్థానాలు మాత్రమే ఇచ్చి త్రిభుజాల పట్టిక ఇవ్వకపోతే అది తనంతట తాను కొత్త త్రిభుజాలు అల్లుతుంది. ద్వీపాల మీదుగా, ఇసుక తిన్నెల మీదుగా కలిపేస్తుంది. అప్పుడు కాకినాడ అఖాతానికి అడ్డుగా ఉన్న ఇసుక తిన్నె హోప్ ఐలాండ్ నీటిలో మునిగినట్టు కనిపిస్తుంది. వల ఫైల్లోని పట్టికనే ఇవ్వాలి. అందులో లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, పైథాన్‌లో సున్నా నుంచి. కాబట్టి ప్రతి సంఖ్యలో ఒకటి తీసేయాలి. ఎండి ఉన్న బిందువుల దగ్గర మైనస్ 99999 అని ఉంటుంది, దాన్ని ముందే తొలగించాలి.

రెండోది ప్రాణాలకు సంబంధించింది. ఆయన గీస్తున్నది సముద్రమట్టం నుంచి నీటి ఎత్తా, నేల మీద నిలిచిన నీటి లోతా? మూడు మీటర్ల ఉప్పెన రెండున్నర మీటర్ల ఎత్తున్న ఊరిలో అరమీటరు నీరు, అరమీటరు ఎత్తున్న ఊరిలో రెండున్నర మీటర్ల నీరు. రంగుల పటంలో రెండు ఊళ్లూ ఒకే రంగులో ఉంటే చూసేవారు రెండింటికీ ఒకే ప్రమాదం అనుకుంటారు. నీటిమట్టానికి వల ఫైల్లోని లోతును కలిపితే నీటి లోతు వస్తుంది, ఎందుకంటే నేల మీద ఆ లోతు రుణ సంఖ్యగా ఉంటుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేల మంది చనిపోయారు. ఆ తీరంలో అధికారులకు చూపే పటంలో మనిషికి నీరు మోకాలిదాకానా, తల పైకా అన్నది తెలియాలి.

ఇక మీ గైడ్ గారి ప్రశ్న. బొమ్మ ఏమి చెబుతుందో తెలియాలంటే మీరు దాన్ని ఏమి అడిగారో ముందు తెలియాలి. నేనైతే ఇలా అడుగుతాను: గౌతమి వరద నీరు హోప్ ఐలాండ్ తిన్నె చాటున ఉన్న అఖాతంలోకి ఏ వేళ, ఎంత దూరం చేరుతోంది? దీనికి అరవై పటాలు అక్కరలేదు. మొగ నుంచి అఖాతం లోపలికి ఒక గీత ఎంచుకుని, అడ్డంగా కాలం, నిలువుగా ఆ గీత వెంట దూరం పెట్టి, ఉపరితల లవణీయతను రంగులతో నింపండి. దాని కింద అదే కాలానికి నీటిమట్టం గీత వేయండి. నది నీరు ప్రతి పోటుతో ముందుకు, ప్రతి పాటుతో వెనక్కు కదిలితే రంగులు రంపపు పళ్లలా వస్తాయి. రోజు రోజుకూ లోపలికి పేరుకుంటుంటే ఆ పళ్లు మొత్తంగా ఒక పక్కకు ఒరుగుతాయి. ఈ రెండింటిలో ఏది జరిగిందో, అది పెద్ద పోట్ల రోజుల్లో మారిందో లేదో ఒకే బొమ్మలో కనిపిస్తుంది. దాని పక్కన నిండు పోటు వేళ ఒకటి, అడుగు పాటు వేళ ఒకటి, రెండే నిలువు కోతలు పెట్టండి. ప్రతి బొమ్మ కింద తేదీ, భారత కాలమానంలో వేళ, లోతు, పోటులో ఏ దశో రాయండి.

పారావ్యూతో త్రిమితీయ దృశ్యాలు అందంగా వస్తాయి. కానీ అఖాతం లోతు కొన్ని మీటర్లు, వెడల్పు కిలోమీటర్లు. నిలువును వందల రెట్లు సాగదీస్తే తప్ప ఏమీ కనబడదు, సాగదీస్తే వాటాలన్నీ అబద్ధమవుతాయి. దాన్ని థీసిస్ ఇచ్చాక తీరిగ్గా నేర్చుకోండి.

ఈ వారంలో నీటిమట్టం గీత, ఉపరితల లవణీయత మాత్రమే చూడండి. శిఖరాల వేళ అప్పటికీ కలవకపోతే ఆ రెండు గీతల బొమ్మను, మీ గ్రిడ్ ఫైల్లో ‘యాంగిల్’ కనిష్ఠ గరిష్ఠ విలువలను, మోడల్‌కు ఇచ్చిన మూల తేదీని రాసి పంపండి. చూసి వెంటనే జవాబు రాస్తాను.